గుండె ఇన్ఫెక్షన్‌తో చేరితే పెద్దపేగును కూడా పరీక్షించిన ఆసుపత్రి గురించి

హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో మా నాన్నగారు గుండె కవాటానికి సోకిన ఇన్ఫెక్షన్‌కు 16 రోజులు లోపల ఉండి, ఆ తర్వాత మరో 2 వారాలు రోజూ డేకేర్‌కు వచ్చి వైద్యం పొందారు. ఆయన వయసు 67 ఏళ్లు, విశ్రాంత ఉపాధ్యాయులు. చిన్నతనంలో వచ్చిన కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల గుండె ఎడమవైపున ఉండే మైట్రల్ కవాటం కొద్దిగా దెబ్బతిన్న సంగతి మాకు ముందునుంచీ తెలుసు. ఆ హృద్రోగ విభాగం, దానితో కలిసి పనిచేసిన జీర్ణకోశ విభాగం అందించిన సేవ గురించి రాస్తున్నాను.

అంతకుముందు 5 వారాలు మా ఊళ్లోని ఒక నర్సింగ్ హోమ్‌కు తిరిగాము. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం, రాత్రి చెమటలు, అన్నం సహించకపోవడం, 6 కిలోల బరువు తగ్గడం ఇవన్నీ చెప్పినా, టైఫాయిడ్ కోసం చేసే వైడల్ రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ అని తేల్చి, ఒక యాంటీబయాటిక్ తర్వాత మరొకటి రాశారు. కవాటం సంగతి మేము చెప్పినప్పటికీ, ఒక్కసారి కూడా బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్ష) చేయలేదు. మందు వాడినన్నాళ్లు జ్వరం తగ్గేది, ఆపగానే తిరిగి వచ్చేది.

హైదరాబాద్ ఆసుపత్రిలో మొదటి రోజే కనిపించిన తేడా ఇది: నాన్నగారి పరిస్థితి నిలకడగా ఉందని నిర్ధారించుకున్న తర్వాత, కొత్త మందు మొదలుపెట్టకుండా, వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు సమయాల్లో 3 సార్లు రక్తం తీసి కల్చర్‌కు పంపారు. ముందే యాంటీబయాటిక్ పడితే రక్తంలో ఉన్న సూక్ష్మజీవి సీసాలో పెరగకపోవచ్చని డ్యూటీ డాక్టర్ మాకు ఓపికగా వివరించారు. గొంతు ద్వారా గొట్టం వేసి చేసిన ఎకో (గుండె స్కాన్)లో కవాటం మీద చిన్న గడ్డలాంటి పెరుగుదల కనిపించింది. కల్చర్‌లో స్ట్రెప్టోకాకస్ గాలోలైటికస్ అనే బ్యాక్టీరియా బయటపడింది.

ఆ పేరు చూసిన వెంటనే హృద్రోగ నిపుణులు జీర్ణకోశ నిపుణులకు కబురు పంపారు. నాన్నగారికి కడుపునొప్పి లేదు, మలంలో రక్తం లేదు, విరేచనంలో మార్పు లేదు. అయినా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) తప్పనిసరి అన్నారు. గుండె జబ్బుకు వస్తే పేగు పరీక్ష ఎందుకని, బిల్లు పెంచడానికేమోనని కూడా ఆ పూట నేను అనుమానించాను. అందుకు ఆ వైద్యులు నొచ్చుకోలేదు, కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. పూర్వం ఈ జాతిని స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనేవారు. అందులోని ఒక రకానికే తర్వాత గాలోలైటికస్ అని పేరు పెట్టారు. 1977లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 63 మందిలో 35 మంది మలంలో బోవిస్ కనిపించగా, పోల్చి చూసిన 105 మందిలో 11 మందిలోనే కనిపించింది. పేగులో పాలిప్ (లోపలి పొర మీద పెరిగే కండ) గానీ క్యాన్సర్ గానీ ఉన్నచోట లోపలి పొర బలహీనపడుతుంది కాబట్టి, అక్కడ చేరిన బ్యాక్టీరియా రక్తంలోకి దాటి, అప్పటికే దెబ్బతిన్న కవాటానికి అంటుకుంటుంది. క్యాన్సర్‌కు ఈ బ్యాక్టీరియాయే కారణమా, లేక క్యాన్సర్ ఉన్నచోట ఇది చేరుతుందా అన్నది ఇంకా తేలలేదని కూడా దాచకుండా చెప్పారు. ఏది ముందైనా, ఈ బ్యాక్టీరియా రక్తంలో దొరికిన మనిషి పేగును చూడకుండా ఇంటికి పంపకూడదన్నది వారి మాట. యూరప్ హృద్రోగ నిపుణుల సంఘం మార్గదర్శకాలు చెప్పేదీ అదేనని తర్వాత చదివి తెలుసుకున్నాను.

జ్వరం తగ్గి గుండె కుదుటపడ్డాక, రెండో వారంలో కొలనోస్కోపీ చేశారు. పేగు శుభ్రపడడానికి తాగించే ద్రవం లీటర్ల కొద్దీ ఉంటుంది. గుండె బలహీనంగా ఉన్నవారి చేత దాన్ని తాగించడం సున్నితమైన పని. ఆ రాత్రి నర్సు గంటగంటకూ వచ్చి బీపీ చూస్తూ, “మాస్టారూ, ఇంకొక్క గ్లాసు” అంటూ తాగించిన తీరును మా కుటుంబం మరచిపోదు. పెద్దపేగు చివరి భాగంలో రెండున్నర సెంటీమీటర్ల పాలిప్ దొరికింది, దాన్ని అక్కడికక్కడే తొలగించారు. బయాప్సీలో అది క్యాన్సర్‌గా మారడానికి ముందు దశలో ఉన్నట్టు తేలింది. జ్వరం రాకపోయి ఉంటే అది ఎన్నాళ్లకు తెలిసేదో అని తలచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.

లోపాలు కూడా చెప్పాలి. పేగు శుద్ధి గురించిన సూచనల కాగితం పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉంది. అమ్మ చదవలేకపోయింది, ప్రతి వాక్యం నేనే చెప్పవలసి వచ్చింది. డేకేర్‌లో రోజుకు ఒక్క సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కోసం కొన్ని రోజులు రెండు గంటలకు పైగా కూర్చోబెట్టారు. బిల్లింగ్ కౌంటర్‌లో వివరాలు అడిగినప్పుడు వార్డులో ఉన్న ఓపిక కనిపించలేదు. ఇవి దిద్దుకోగలిగినవే గనుక ఆసుపత్రి వారికి లిఖితపూర్వకంగా కూడా ఇచ్చాను.

డిశ్చార్జి కాగితంలో బ్యాక్టీరియా పేరు, కవాటం స్థితి, మళ్లీ కొలనోస్కోపీ చేయించవలసిన నెల, పళ్లకు వైద్యం చేయించుకునే ముందు హృద్రోగ నిపుణులను అడగమన్న సూచన స్పష్టంగా రాశారు. కాగితం చేతికిస్తూ జీర్ణకోశ నిపుణులు మా అన్నదమ్ముల వయసులు అడిగారు. తండ్రికి ఇటువంటి పాలిప్ ఉన్నందున 40 దాటిన పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలన్నారు. నాకు 43, అన్నయ్యకు 46. వచ్చే నెల మొదటి వారంలో ఇద్దరం అక్కడే పేర్లు రాయించుకున్నాము.