పోజితానోలో "సీ వ్యూ" ఫ్లాట్ బుక్ చేసేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి, జాగ్రత్త!!

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, రాత్రే ఇంటికొచ్చాం, అచ్చుతప్పులుంటే సర్దుకుని చదవండి.

నేనుండేది మ్యూనిక్‌లో, అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చారు, లాంగ్ వీకెండ్‌కి సముద్రం చూపిద్దామని ఇటలీలో అమాల్ఫీ తీరం అనుకున్నాం. పోజితానో మీ అందరికీ తెలిసిందే, కొండకి అతికించినట్టు గులాబీ, పసుపు ఇళ్ళు, రీల్స్ తెరిస్తే చాలు వచ్చిపడుతుంది, అదే. బుకింగ్ మనందరం వాడే ఆ యాప్‌లోనే. యాడ్‌లో రాసింది: ఊరి మధ్యలో, స్పియాజా గ్రాందే బీచ్‌కి ఐదు నిమిషాల నడక, మెట్లు తక్కువ, పెద్దవాళ్ళకి అనువు. నాన్నకి మోకాళ్ళు బాలేవు, ఆ "మెట్లు తక్కువ" అన్న ముక్క కోసమే మిగతావాటికి దాదాపు డబుల్ పోశా. ఓనర్‌ని ముందే అడిగా కూడా. "మీ నాన్నగారు చాలా హ్యాపీగా ఉంటారు" అన్నాడు మహానుభావుడు.

నేపుల్స్‌లో దిగి, ఏసీ లేని సర్కుమ్‌వెజువియానా ట్రైన్‌లో కిక్కిరిసి సొరెంటో, అక్కణ్ణించి బస్సు. ఆ రూట్ బస్సులు సీజన్‌లో ఎలా ఉంటాయో వెళ్ళినవాళ్ళకి తెలుసు, సొరెంటోలోనే నిండిపోతాయి, నాన్నకి ఎవరో సీటిచ్చారు కాబట్టి సరిపోయింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, అమ్మ కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా చదువుతోంది, సరిగ్గా అప్పుడు నా ఫోన్‌కి మెసేజ్. యాప్‌లో కాదండీ, వాట్సాప్‌లో. "పొద్దున బాత్రూమ్ పైపు పగిలింది, ఇల్లంతా నీళ్ళు, మీకు వేరే ఇల్లు ఇస్తున్నా, అదీ పోజితానోనే, వ్యూ ఇంకా బాగుంటుంది, కియెజా నువోవా స్టాప్‌లో దిగండి, మా మనిషి వస్తాడు."

వాట్సాప్‌లో ఎందుకు పెట్టాడా అని నాకు అప్పుడు వెలగలేదు.

దిగాం. స్కూటర్ మీద ఒక కుర్రాడు వచ్చాడు, హెల్మెట్ కూడా తియ్యలేదు, తాళాన్ని మా సూట్‌కేస్ హ్యాండిల్‌కి తగిలించి చెయ్యి చాపాడు, టూరిస్ట్ టాక్స్ క్యాష్‌లో కావాలంట. ఇటలీలో ఆ టాక్స్ ఉన్న మాట నిజమే, తలకి ఇంతని రాత్రికి ఇంతని కట్టాలి, కానీ రసీదు అడిగితే భుజాలు ఎగరేశాడు. పాస్‌పోర్ట్‌లు చూడలేదు. అక్కడ ఓనర్లు దిగినవాళ్ళ వివరాలు 24 గంటల్లో పోలీసు పోర్టల్‌లో ఎక్కించాలి, అది చట్టం, మరి వీడు మా పేర్లు కూడా సరిగ్గా అడగలేదు. చిన్న బస్సు ఎక్కండి, ఆఖరి స్టాప్ అని చెప్పి తుర్రుమన్నాడు.

ఆఖరి స్టాప్ ఏంటంటే నొచెల్లె. కాగితం మీద పోజితానోనే, కాదనలేం. కానీ అది సముద్రానికి 400 మీటర్ల పైన కొండ కొమ్ములో ఉన్న పల్లె. బస్సు ఊరి మొదట్లో ఆగిపోతుంది, లోపలికి బండి వెళ్ళదు, అన్నీ సన్న సందులూ మెట్లే. అక్కణ్ణించి కిందికి సముద్రం దాకా మెట్లదారి ఉంది, 1500 పైనే మెట్లు. మన అలిపిరి మెట్లు 3550, దాంట్లో ఇంచుమించు సగం లెక్కేసుకోండి. నాన్న గోడ పట్టుకుని నిలబడి ఒకటే మాట అన్నారు, "తిరుపతిలో అయితే పైకెక్కితే స్వామైనా ఉంటాడ్రా". ఊరిని అనట్లేదు, ఊరు బంగారం లాంటిది, దేవతల దారి అని పేరున్న ఆ ట్రెకింగ్ బాట వచ్చి చేరేది అక్కడికే, మోకాళ్ళు బాగున్నవాళ్ళు కావాలనే వెళ్ళి ఉంటారు. మేం కావాలని వెళ్ళలేదు కదా.

సరే పైపు పగిలితే పాపం వాడేం చేస్తాడు అనుకున్నాం. నిజంగానే అనుకున్నాం! అమ్మైతే "పోనీలేరా, ఎవరి కష్టాలు వాళ్ళవి" అని వాడి మీద జాలిపడింది కూడా.

మర్నాడు నాన్న కదల్లేనన్నారు, డాబా మీద కూర్చోబెట్టి నేనూ అమ్మా చిన్న బస్సులో కిందికొచ్చాం. సాంతా మరియా అసుంతా చర్చి, ఆ పచ్చ పసుపు పెంకుల గుమ్మటం ఉంటుంది చూడండి, దానికి కొంచెం పైన సందులో ఊరికే చూద్దామని మేం బుక్ చేసిన ఇంటి ముందుకెళ్ళా. తలెత్తి చూస్తే బాల్కనీలో అదే నీలం టైల్స్ బల్ల, యాడ్‌లో నిమ్మకాయల గిన్నె పెట్టి ఫోటో తీసిన బల్ల, దాని మీద ఎవరివో తడి తువ్వాళ్ళు, రెయిలింగ్‌కి స్విమ్‌సూట్లు ఆరేసున్నాయి, లోపల ఒకాయన కాఫీ తాగుతున్నాడు. ఎప్పుడొచ్చారండీ అని కింద నుంచే అడిగా. నిన్న మధ్యాహ్నం అన్నాడు. నీళ్ళు బానే వస్తున్నాయా అంటే నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసి, ఓ, బ్రహ్మాండంగా అన్నాడు.

అక్కడే నిలబడి ఓనర్‌కి ఫోన్ కొట్టా. ముందు అది వేరే ఇల్లన్నాడు. బాల్కనీ ఫోటో పంపా. ఒక్క సెకను ఆగి, మీరు నమ్మరు, నవ్వాడు. "మీరు అడిగింది సీ వ్యూ. ఇచ్చింది సీ వ్యూ. పైనుంచి అయితే ఇంకా ఎక్కువ సముద్రం కనిపిస్తుంది, అయినా ఈ రేటుకి ఆగస్టులో మీకు సెంటర్‌లో ఎవడిస్తాడు?" ఠపీమని పెట్టేశాడు. బ్లాక్. మా చేత ముందే డబ్బు కట్టించుకుని, తర్వాత ఎక్కువ ఇచ్చినవాడికి ఇల్లిచ్చి, మమ్మల్ని కొండెక్కించాడన్నమాట. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు పోవట్లేదు చెవుల్లోంచి.

ఇక మన యాప్ కస్టమర్ కేర్ గురించి. మీరు తాళం తీసుకున్నారు, రాత్రి పడుకున్నారు, కాబట్టి ప్రత్యామ్నాయ వసతికి ఒప్పుకున్నట్టే, పైగా మా యాప్‌లో ఏ మెసేజూ లేదు అంట. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు పరిశీలనకి రావంట. అప్పుడు వెలిగింది వాట్సాప్ ఎందుకో. జాలిపడి 50 యూరోల కూపన్ ఇచ్చారు, వచ్చే ట్రిప్‌లో ఇంకోడి చేతిలో మోసపోడానికి కాబోలు. ఒప్పుకోలేదు, కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ వేశా, చూడాలి.

వెళ్ళేవాళ్ళకి ఓ రెండు ముక్కలు. ఇల్లు మారుస్తాం అంటే తాళం ముట్టుకోకండి, అక్కడే నిలబడి యాప్‌లోనే కంప్లయింట్ రాయండి. 2025 జనవరి నుంచి ఇటలీలో ప్రతి టూరిస్ట్ ఇంటికీ సీఐఎన్ అనే గుర్తింపు నంబర్ తప్పనిసరి, యాడ్‌లోనూ ఉండాలి, ఇంటి బయటా ఉండాలి, మాకిచ్చిన కొంపకి అది లేనే లేదు. పెద్దవాళ్ళతో వెళ్తే అసలు పోజితానోలోనే దిగాలని లేదు, అదే తీరంలో మైయోరి ఉంది, బీచ్ వెంట చదునుగా నడవొచ్చు, లేదంటే సలెర్నోలో దిగి సీజన్‌లో ఫెర్రీ మీద వచ్చి పోజితానో చూసి సాయంత్రానికి వెళ్ళిపోవచ్చు. ఓనర్ ప్రొఫైల్ లింక్ కావాల్సినవాళ్ళు ఇన్‌బాక్స్‌లో అడగండి, ఇక్కడ పెడితే పోస్ట్ లేపేస్తారు.