తాతగారి పనిముట్లను గుర్తించాలంటే ఏది మేలు?

పాత ఇంటి అటక మీద దొరికిన పనిముట్లను ఎవరికి చూపించాలి, ఫోనులో ఫొటోతో వెతికితే సరిపోదా అని బంధుమిత్రులు తరచుగా అడుగుతున్నారు. కిందటి వేసవిలో పల్నాటి మెట్ట ఊళ్లో మా తాతగారి ఇల్లు విప్పినప్పుడు నాకూ ఇదే ప్రశ్న ఎదురైంది. చెక్కను చెక్కే బాడిసనూ చిల్లులు వేసే బరమానూ మేమే పోల్చుకున్నాం కానీ, అడుగున నాలుగు రంధ్రాలున్న కొయ్య గిన్నె, వరుసగా చిన్నవవుతూ పోయే చిల్లులున్న జానెడు ఇనుప పలక మాత్రం ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

ఫోనులో వెతకడం తేలిక. వస్తువు మీద కంపెనీ ముద్ర ఉంటే నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. అయితే ఊరి వడ్రంగీ కమ్మరీ చేసిచ్చిన వాటికి ముద్రలు ఉండవు. రైతు చేతికీ నేల తీరుకూ తగినట్టు చేసినవి కాబట్టి ఒకదానిలా మరొకటి ఉండదు. నా గిన్నెను ఫోను పూలకుండీ అంది, పలకను జల్లెడ అంది. ఫొటోలో రూపం కనిపిస్తుందే తప్ప బరువు, మందం, చిల్లు లోపలి వాలు కనిపించవు.

నా మట్టుకు నాకు అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం అరుగుదల. అందుకే, తుప్పు వదిలించాలన్న ఆత్రంతో గరుకు కాగితం పట్టి రుద్దవద్దని అడిగినవారందరికీ మొదట చెబుతున్నాను. ఏళ్ల తరబడి చెయ్యి పట్టిన చోటు, పదును తిన్న చోటు, సందుల్లో మిగిలిన మైనం, జిడ్డు ఒక్క పూటలో చెరిగిపోతే మళ్లీ రావు. గిన్నె రంధ్రాల అంచులు వేలు జారిపోయేంత నునుపుగా ఉన్నాయి, అంటే వాటిగుండా ఏదో చాలాకాలం ధారగా పడింది. పలక మందం పావు అంగుళం. జల్లెడకు అంత మందం అక్కర్లేదు. పైగా ప్రతి చిల్లూ ఒకవైపు వెడల్పుగా, రెండోవైపు సన్నంగా ఉంది.

ఆ గుర్తులు ఏ వృత్తివైపు చూపితే ఆ వృత్తిలో బతికిన పెద్దల దగ్గరికే వెళ్లాలి. ఈ జాగ్రత్త అవసరమని నాకు అనుభవం మీద తెలిసింది, ఎందుకంటే ఎంతో పనితనమున్న ఒక వడ్రంగి పెద్దాయన ఆ పలకను మేకుల సైజు కొలిచేదని గట్టిగా చెప్పారు. గిన్నెను మాత్రం తాతగారి ఈడు రైతు ఒకాయన చేతిలోకి తీసుకోగానే "జడ్డిగం గదరా అబ్బాయ్" అన్నారు. విత్తే గొర్రు మీద అమర్చిన ఆ గిన్నెలో గింజలు పోస్తుంటే, అవి రంధ్రాల నుంచి వెదురు గొట్టాల్లోకి, అక్కడి నుంచి సాళ్లలోకి పడతాయి. నాలుగు రంధ్రాలంటే ఒకేసారి నాలుగు సాళ్లు. గింజలు గుప్పిట్లోంచి ఎలా వదలాలో కూడా ఆయన చేతితో చూపించారు. అది ఏ ఫొటోలోనూ దొరకదు.

మ్యూజియంలో వస్తువు అద్దాల వెనక ఉంటుంది కాబట్టి పోల్చుకోవడానికి కొంతవరకే పనికొస్తుంది. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో, వృత్తులవారు జిల్లాల వారీగా వాడే మాటలను కూర్చిన మాండలిక వృత్తిపదకోశంలో 1962లో వ్యవసాయానికి వెలువడిన సంపుటం, 1971లో చేనేతకు వచ్చిన సంపుటం అమూల్యమైనవే కానీ, అవి మాటను బట్టి వస్తువు దగ్గరికి తీసుకుపోతాయి; మన చేతిలో ఉన్నది పేరు తెలియని వస్తువు. పేరు తెలిశాక మాత్రం, ఒక జిల్లా పెద్దాయన చెప్పిన మాటను మరో జిల్లా మాటతో సరిచూసుకోవడానికి వాటిని మించినవి లేవు.

పలకను చివరికి ఒక వృద్ధ స్వర్ణకారుడి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి కమ్మచ్చు అన్నారు, అంటే లోహపు తీగను లాగి సన్నం చేసే పలక. వెండి తీగ కొనను ఆకురాయితో సన్నం చేసి, వెడల్పు వైపు నుంచి ఒక చిల్లులో దూర్చి, అవతల పట్టకారుతో లాగారు; లాగిన కొద్దీ తీగ గట్టిపడుతుందని చెప్పి, దాన్ని కుంపట్లో కాల్చి మెత్తబరిచి, తరవాతి చిల్లులోకి ఎక్కించారు.