నీటి అడుగు రోబోకు ఫోమా, పీవీసీ పైపా? చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఇంట్లో తయారు చేసుకున్న నీటి అడుగు రోబోకు ఫ్లోట్లుగా (నీటిలో తేల్చి ఉంచే భాగాలుగా) ఈతకొలనుల్లో పిల్లలు పట్టుకునే ఫోమ్ గొట్టాలను, రెండు చివరలా మూతలు బిగించిన పీవీసీ పైపులను కూడా చాలాకాలం వాడాను. చట్రానికి పైపులే మేలని, ఫోమ్‌ను, రోబోను ఒడ్డుకు కలిపే కేబుల్ వరకే ఉంచుకోవాలని నా అభిప్రాయం.

ఫోమ్ చవక. చాకుతో కోసి కేబుల్ టైతో బిగిస్తే పని అయిపోతుంది. మా అపార్ట్‌మెంట్ సంపులో దానికి వంక పెట్టడానికి లేదు. నగర శివార్లలోని బంధువుల వ్యవసాయ బావిలో దించినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. 10 మీటర్ల లోతులో పీడనం ఉపరితలం మీదకంటే రెట్టింపు ఉంటుంది కాబట్టి మెత్తని ఫోమ్ నొక్కుకుపోయి తక్కువ నీటిని తొలగిస్తుంది. దాంతో పైన హాయిగా తేలిన రోబో కింద బరువెక్కి జారుతుంది, జారినకొద్దీ ఫోమ్ ఇంకా కుంచించుకుపోతుంది.

పైపుకు ఆ లోతులో ఈ బాధ లేదు. సికింద్రాబాద్ రాణీగంజ్ దుకాణాల్లో దొరికే 63 మిల్లీమీటర్ల బయటి వ్యాసం గల పైపు 30 సెంటీమీటర్ల ముక్క సుమారు 930 మిల్లీలీటర్ల నీటిని తొలగిస్తుంది. అందులో పైపు, మూతల బరువు పోగా మిగిలిందే మనకు దక్కే తేలుడు. మూతలు అతికించే సాల్వెంట్ సిమెంట్‌ను ఒక రోజంతా ఆరనిచ్చి, గీజరు వేడినీళ్ల బకెట్‌లో పైపును ముంచితే లోపలి గాలి వ్యాకోచించి, అతుకు సరిగా లేనిచోట సన్నని బుడగల వరుస లేస్తుంది. ఈ పరీక్ష కాని పైపును నేను బావిలోకి దించను.

పైపుతో ఉన్న చిక్కల్లా, అతికించాక కొంచెం తగ్గించడం, పెంచడం కుదరదు. అందుకే సర్దుబాటంతా కిందినుంచే చేస్తాను: చట్రం అడుగున నాలుగు మూలలా నిలువు బోల్టులు, వాటికి స్టెయిన్‌లెస్ స్టీలు వాషర్లు. ముందు బోల్టు నుంచి వెనక బోల్టుకు ఒక్క పెద్ద వాషరు మార్చినా కెమెరా చూపు పైకి తిరుగుతుంది. ఫ్లోట్లు పైన, బరువు కింద ఎంత ఎడంగా ఉంటే రోబో అంత త్వరగా నిటారుగా సర్దుకుంటుంది. చట్రం పైపులకు (ఫ్లోట్లకు కాదు) రంధ్రాలు వేసి నీరు నిండనివ్వాలి. మూలల్లో చిక్కిన బుడగలను తట్టి వదిలించకుండా వాషర్లు లెక్కపెట్టడం వృథా శ్రమ. మోటార్లు ఆపినప్పుడు రోబో నెమ్మదిగా పైకి వచ్చేలా ఉంచితే, బ్యాటరీ మొరాయించినా అది మన చేతికి చిక్కుతుంది.

ల్యాన్ కేబుల్ నీటిలో మునిగి రోబో తోకను కిందికి లాగుతుంది. దాని పొడవునా అక్కడక్కడ చిన్న ఫోమ్ ముక్కలు తొడగడమే చవకైన ఉపాయం.

విశాఖ సముద్రానికి తీసుకెళ్లేవారు మంచినీటి సర్దుబాటును నమ్ముకోకూడదు. ఉప్పునీటి సాంద్రత సుమారు రెండున్నర శాతం ఎక్కువ కాబట్టి 6 లీటర్ల నీటిని తొలగించే రోబోకు 150 గ్రాముల తేలుడు అదనంగా వస్తుంది. స్టీలును కూడా నీరు కొంత పైకి తోస్తుంది గనుక దాన్ని అణచడానికి తక్కెడలో సుమారు 172 గ్రాములు తూగే వాషర్లు కావాలి. నేను వాటిని విడిగా ఒక సంచిలో కట్టి పెట్టుకుంటాను, తిరిగి వచ్చాక మంచినీటితో కడిగి ఆరబెడతాను.