ఇంగ్లీషు అచ్చుల చార్టుతో తొమ్మిదేళ్లు

2016 జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక పుస్తకాల దుకాణంలో ఇంగ్లీషు ధ్వనుల గోడ చార్టు కొన్నాను. అప్పటి నుంచి ఇప్పటివరకు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి పది వరకు అన్ని తరగతుల్లోనూ దానిని వాడుతూ వచ్చాను కనుక, దాని మేలునూ లోటునూ నమ్మకంగా చెప్పగలను. చార్టులో మొత్తం 44 ధ్వనులున్నాయి. వాటిలో 24 హల్లులు, 20 అచ్చులు. ఆ అచ్చులలో 12 నిలకడగా పలికేవి, మిగిలిన 8 నాలుక ఒకచోట మొదలై మరోచోటికి జారేటప్పుడు పుట్టే జంట అచ్చులు.

ఇంగ్లీషులో అచ్చులెన్ని అని అడిగితే ఏటా కొత్తగా వచ్చే పిల్లలందరూ ఒక్క గొంతుతో ఐదు అంటారు. అక్షరాలు ఐదే గాని ధ్వనులు ఇరవై అని గోడమీద కళ్లకు కట్టడమే ఈ చార్టు చేసిన మొదటి మేలు. ఆ గళ్ల అమరికకు కూడా అర్థముంది. నాలుక ముందు భాగంతో పలికేవి ఎడమవైపు, వెనుక భాగంతో పలికేవి కుడివైపు, నోరు మూసుకుపోయేవి పైన, బాగా తెరుచుకునేవి కింద ఉంటాయి. 1917లో ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువును వెలువరించిన డేనియల్ జోన్స్ నాలుక స్థానాలను ఇలాగే ఒక చతుర్భుజంలో చూపేవారు.

ఈ అమరికను పిల్లలకు తెలుగుతోనే వివరించాను. చేతి అద్దం ఇచ్చి ‘మేలు’ అనమంటాను, వెంటనే ‘మేడ’ అనమంటాను. రాతలో రెండూ ఏత్వమే అయినా, తర్వాతి అక్షరంలోని అకారం లాగడం వల్ల రెండో మాటలో దవడ మరికాస్త కిందికి దిగుతుంది. ఆ దిగుడును అద్దంలో చూసుకున్న పిల్లవాడికి ‘మెన్’, ‘మ్యాన్’ మాటల తేడా చెప్పడం సులువు. మన లిపిలో ‘మ్యా’, ‘క్యా’ అని రాయక తప్పదు కాబట్టి పిల్లలు నడుమ ఒక యకారాన్ని కూడా పలికేస్తారు. ‘క్యాట్’ అనే మాటలో నిజానికి యకారం లేదన్న సంగతి నేను విడిగా చెప్పవలసిందే, చార్టు చెప్పదు.

ఇక నా ముఖ్యమైన ఫిర్యాదు. పొడుగు అచ్చుల పక్కన చార్టు రెండు చుక్కలు పెడుతుంది. తెలుగు పిల్లలకు హ్రస్వ దీర్ఘాలు ఉగ్గుపాలతో వచ్చినవి కనుక, ఆ చుక్కలు చూడగానే తేడా అంతా పొడవులోనే ఉందని తీర్మానించుకుంటారు. అది సగమే నిజం. ఇంగ్లీషులో ఒకే అచ్చు పరుషాల ముందు కుంచించుకుపోతుంది, సరళాల ముందు సాగుతుంది. విత్తనం అనే అర్థమున్న ‘సీడ్’లోని అచ్చు కంటే, కూర్చునే ‘సీట్’లోని అచ్చు బాగా పొట్టిది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నా ఫోనులో ఓడ అనే అర్థంలో ‘షిప్’ అని పలికితే, తెరమీద గొర్రెకు వాడే మాట పడింది. “సార్, నేను పొట్టిగనే అన్న కదా, గొర్రె అని ఎందుకు రాసింది?” అని అడిగింది. ఆమె పొట్టిగానే పలికింది, కాని పెదవులు సాగదీసి, నాలుకను బిగబట్టి, మన ఇకారంలాగా పలికింది. పెదవులు వదులుచేసి నాలుకను ఎకారం వైపు కాస్త దించమన్నాను. మూడోసారికి ఓడ వచ్చింది. ఆ రోజు నుంచి పొడవు మాట తర్వాత, ముందు నోటి ఆకారం నేర్పుతున్నాను.

తలకిందులైన ఇంగ్లీషు ‘e’ అక్షరంతో చూపే బలహీనమైన అచ్చుకు ఈ చార్టు మిగతావాటితో సమానంగా ఒకే గడి ఇచ్చింది. ఇంగ్లీషు మాటల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది అదే. మనం ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం, ఇంగ్లీషు వాళ్లు ఊనిక పడని చోట, అంటే నొక్కి పలకని చోట, అచ్చును నలిపేస్తారు. ‘బనానా’లో మధ్య అచ్చు ఒక్కటే నిండైనది, అటూ ఇటూ ఉన్నవి రెండూ నలిగినవే. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరంపై ఉంటుంది, ‘ఫొటోగ్రఫీ’లో రెండోదానిపైకి జరుగుతుంది. అలా జరగగానే మొదటి అచ్చు నలిగిపోయి రెండోది నిండుగా తేలుతుంది. ఊనిక ఉన్నచోట మాత్రమే చప్పట్లు కొట్టించి నేర్పితే పిల్లలు దీనిని వారంలో పట్టుకుంటారు.

జంట అచ్చుల్లో ‘నియర్’, ‘హెయిర్’, ‘టూర్’ మాటల కోసం ఇచ్చిన మూడు గళ్లను దాదాపు వదిలేశాను. మనం ఆ మాటల్లో రేఫను పలుకుతాం, ఆ గళ్లేమో రేఫ పలకని దక్షిణ ఇంగ్లండు ఉచ్చారణకు చెందినవి. అక్కడ కూడా నేడు చాలామంది ‘హెయిర్’ను జంట అచ్చుగా కాక, ఒకే పొడుగు అచ్చుగా పలుకుతున్నారు. ‘బస్సు’, ‘బుక్కు’ అంటూ మనం చివర చేర్చే ఉకారం గురించి గాని, ‘ఎగ్’ను ‘యెగ్’ అనే అలవాటు గురించి గాని చార్టులో ఒక్క సూచన లేదు. తెలుగువారి కోసం చేసింది కాదు కనుక తప్పు పట్టను.

2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలయ్యాక దీని అవసరం మరింత పెరిగింది, సైన్సు సార్ కూడా అప్పుడప్పుడు అడిగి తీసుకెళ్తున్నారు. పక్కన చెప్పేవారు లేకుండా, ఒంటరిగా నేర్చుకోదలచినవారికి మాత్రం దీనిని కొనమని చెప్పను, ధ్వని వినిపించే నిఘంటువు వారికి ఎక్కువ మేలు. ఇప్పుడు మా బడిలో వేలాడుతున్నది రెండో ప్రతి. దానిమీద రెండు చుక్కలున్న ప్రతిచోటా ఎర్ర సిరాతో ‘నోరు చూడు’ అని రాసి పెట్టాను.