చలికాలం స్నానం నీళ్లకు కట్టెల బాయిలరా, గీజరా?

కార్తీకం వచ్చిందంటే దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా తెలిసినవాళ్లంతా అడిగేది ఇదే. ఆరుబయట కట్టెలతో కాగే బాయిలర్ కొనాలా, గీజర్ పెట్టించుకోవాలా? ఇల్లంతా వేడి చేసుకోవాల్సినంత చలి మన దగ్గర పడదు. పొద్దుగాల ఇంటిల్లిపాదికీ వేడినీళ్లు దొరికితే చాలు. ఆ నాలుగు నెలల ఖర్చు ఎందులో తక్కువ అన్నదే అసలు విషయం.

చాలామంది వస్తువు ధర దగ్గరే ఆగిపోతారు. నేను మాత్రం ముందు కరెంటు బిల్లు తీసి చూడమంటాను. ఐదుగురున్న ఇంట్లో మనిషికో బకెట్ అంటే దాదాపు 100 లీటర్లు. రాత్రంతా ట్యాంకులో చల్లబడిన నీళ్లు స్నానానికి పనికొచ్చేలా కాగాలంటే రోజుకు సుమారు 3 యూనిట్లు అవుతాయి. నెలకు 90. గీజర్ బదులు బకెట్‌లో రాడ్ వేసినా ఈ లెక్క పెద్దగా మారదు. చిన్న రాడ్‌కు కరెంటు తక్కువ అవుతుందని అనుకుంటారు గానీ, అది ఎక్కువసేపు నడిచి అంతే కాలుస్తుంది. లో వోల్టేజ్ ఉన్న ఊళ్లలో కూడా అంతే, నీళ్లు కాగడం ఆలస్యమవుతుంది, యూనిట్లు మాత్రం తగ్గవు.

ఈ 90 యూనిట్లు మీ మీటర్‌ను ఎక్కడికి తీసుకెళ్తాయన్నదే తేల్చేది. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు 2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. పైగా స్లాబ్, అంటే యూనిట్ రేటు కట్టే మెట్టు, మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకు కూడా 5 రూపాయల పైనే పడుతుంది, ఆ తర్వాతి వాటికి 7 రూపాయల పైనే. అంటే 195 దగ్గర సున్నా ఉన్న బిల్లు 205 దగ్గర వెయ్యి దాటుతుంది.

కాబట్టి పోయిన ఏడాది నవంబర్, డిసెంబర్, జనవరి బిల్లులు ముందేసుకోండి. చలికి ఫ్యాన్లు ఆగిపోతాయి కాబట్టి ఆ నెలల్లో వాడకం ఎలాగూ తక్కువే. అప్పుడు కూడా 100 లోపే ఉంటే గీజర్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు, 90 కలిసినా 200 లోపే. ఫ్రిజ్, ఇంటి బోరు మోటార్, టీవీ అన్నీ కలిసి 120 పైన తిరుగుతుంటే మాత్రం గీజర్ మీ జీరో బిల్లును మింగేస్తుంది. అలాంటి ఇంటికి నేను కట్టెల బాయిలర్‌నే చెప్తాను. చేను ఉన్న ఇల్లయితే రెండో మాటే లేదు.

ఎందుకంటే బాయిలర్ లాభం కట్టె ఎక్కడి నుంచి వస్తుందన్న దాని మీదే ఉంది. మూడు రాళ్ల పొయ్యి మీద కాగు పెడితే మంట వేడి చాలావరకు గాలిలో పోతుంది. బాయిలర్‌లో పొగగొట్టం నీళ్ల మధ్య నుంచే పోతుంది కాబట్టి ఆ వేడి నీళ్లకే పడుతుంది. బాగా ఎండిన కట్టె రెండు మూడు కిలోలుంటే ఇంటిల్లిపాది స్నానాలు అయిపోతాయి. పచ్చి కట్టె పెడితే మంట వేడిలో కొంత అందులోని తడి ఆరడానికే పోతుంది, పొగ వేరే.

మన జిల్లాల్లో పత్తి కట్టెకు కరువు లేదు. చేలల్లో ఊరికే కాల్చేసేది ఇంట్లో నీళ్లకు పనికొస్తుంది. కానీ ఒక జాగ్రత్త. పత్తి కట్టెను వచ్చే చలికాలం దాకా ఇంటి పక్కన కుప్ప వేసి ఉంచొద్దు. అందులో మిగిలిన ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు బతికి, మళ్లీ వానాకాలం పంటకు ఎక్కుతుంది. కాయలు దులిపేసి, జనవరి నుంచి ఎండలు ముదిరేలోపు దాన్ని వాడేయండి. నవంబర్, డిసెంబర్‌లకు కంది కట్టె గానీ సర్కారు తుమ్మ గానీ రేకుల కింద తడవకుండా దాచుకోవాలి. పత్తి కట్టె భగ్గున మండి ఆరిపోతుంది, పక్కనే ఉండి ఎగదోస్తూ ఉండాలి. సర్కారు తుమ్మ నిప్పు చాలాసేపు నిలుస్తుంది. ముళ్లు కొట్టడమే కష్టం. బత్తాయి తోటలున్నవాళ్లకు కొట్టేసిన ఎండు కొమ్మలు ఎలాగూ ఉంటాయి.

కట్టె కొనుక్కునే ఇంటికి, పట్నంలో అద్దె ఇంటికి, అపార్ట్‌మెంట్‌కు బాయిలర్ వద్దు. ఇంట్లో పొద్దుగాల లేచి అంటించే పని ఎవరి మీద పడుతుందో కూడా ఆలోచించండి. అది ఒక్క ఆడమనిషి మీదే పడేటట్టుంటే, ఆమెను అడిగాకే కొనాలి.

గీజర్ కొనేవాళ్లకు బోరు నీళ్ల సంగతి చెప్పాలి. నల్లగొండ వైపు ఉప్పు నీళ్లకు ఎలిమెంట్ మీద తెల్లగా గట్టి పొర కడుతుంది. అది పెరిగేకొద్దీ నీళ్లు కాగడం ఆలస్యమై, చివరికి ఎలిమెంట్ కాలిపోతుంది. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించాలి. బాయిలర్ లోపల కూడా ఇదే పొర కడుతుంది కానీ, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు కాసేపు ఉంచి కడిగితే మనమే వదిలించుకోవచ్చు. కాచితే నీళ్లలోని ఫ్లోరైడ్ పోదు, అందుకే బాయిలర్ నీళ్లు తాగడానికి, వంటకు వాడొద్దు.

సోలార్ మంచిదే, డాబా ఉండి ఒకేసారి డబ్బు పెట్టగలిగితే. గ్యాస్ గీజర్ నేను చెప్పను. గాలాడని బాత్‌రూంలో దాని నుంచి వచ్చే విషవాయువు ప్రాణాలు తీస్తుంది. ఇదే కారణంతో కట్టెల బాయిలర్‌ను కూడా బాత్‌రూంలో, మూసిన వరండాలో పెట్టొద్దు. గొట్టం చూరు కంటే పైకి ఉండి, పొగ పక్కింటి కిటికీలోకి పోకుండా చూసుకోవాలి.

కొనేటప్పుడు రాగిదైతే తూకం వేయించండి. చాలా ఏళ్లు వస్తుంది, పాతబడ్డా రాగి ధర వస్తుంది. అయితే రాత్రి బయట వదిలేస్తే దొంగల భయం ఉంటుంది. స్టీలు కాస్త నెమ్మదిగా కాగినా ఉప్పు నీళ్లకు తట్టుకుంటుంది. రేకు బాయిలర్ చవక, కానీ మన నీళ్లకు తొందరగా తుప్పు పట్టి కారుతుంది. దుకాణంలోనే నీళ్లు నింపి నల్లా దగ్గర, గొట్టం అతుకు దగ్గర చెమ్మ వస్తుందేమో చూడండి. ఇంటికి తెచ్చాక ముందు నీళ్లు నింపాలి, ఆ తర్వాతే నిప్పు పెట్టాలి. ఖాళీ బాయిలర్‌కు మంట తగిలితే అతుకులు ఊడిపోతాయి. పైమూత కూడా బిగించొద్దు, ఆవిరి పోవడానికి సందు ఉండాలి.