5.1 స్పీకర్లా, హెడ్‌ఫోన్సా? పేచీ అంతా వెనక రెండు స్పీకర్ల దగ్గరే

గేమ్‌లో వెనక నుంచి ఎవడో వస్తుంటే ఆ అడుగుల చప్పుడు నిజంగా వెనక నుంచే వినబడాలి. గేమ్‌ల కోసం సరౌండ్, అంటే చుట్టూరా వినబడే ధ్వని, పెట్టుకోవడానికి నా దృష్టిలో ఇదొక్కటే కారణం. బాంబులు దద్దరిల్లడానికి 2.1 సెట్టు (రెండు స్పీకర్లు, బరువైన మోతకి ఒక సబ్‌వూఫర్) చాలు, డైలాగులకు ఓ మాదిరి సౌండ్‌బార్ చాలు. ఏవీ రిసీవర్‌కి (సిగ్నల్ అందుకుని స్పీకర్లకు పంచే పెట్టెకి) కలిపిన 5.1 స్పీకర్లు (ముందు మూడు, వెనక రెండు, ఒక సబ్‌వూఫర్) ఒకవైపు, వైరున్న ఓపెన్ బ్యాక్ (వెనక మూత లేని) హెడ్‌ఫోన్స్ ఒకవైపు పెట్టుకుని పీఎస్5 కన్సోల్ మీదా పీసీ మీదా చాలాకాలంగా మార్చి మార్చి వాడుతున్నాను. వాట్లు, డ్రైవర్ సైజులు అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

ముందా వెనకా అని తేల్చడంలో స్పీకర్లదే పైచేయి. చప్పుడు ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త ఆలస్యంగా చేరడం వల్ల మనకు ఎడమ కుడి తెలుస్తాయి. ఆ తేడా ఎంత ఎక్కువైనా 0.7 మిల్లీసెకన్లు దాటదు. సరిగ్గా ఎదురుగా ఉన్నదానికీ సరిగ్గా వీపు వెనక ఉన్నదానికీ అది సున్నాయే. అప్పుడు దిక్కు తేల్చేవి రెండే: చెవి డొప్ప ఆకారం, మనం తెలియకుండానే తల కాస్త తిప్పడం. హెడ్‌ఫోన్స్‌లో తల తిప్పితే చప్పుడు కూడా తలతోపాటే తిరుగుతుంది. చెవి డొప్ప పనిని హెచ్‌ఆర్‌టీఎఫ్ (తల, చెవులు చప్పుడును ఎలా మారుస్తాయనే) లెక్కతో సాఫ్ట్‌వేర్ చేస్తుంది గానీ, మామూలుగా అది ఎవరివో చెవుల లెక్క. పీఎస్5 వచ్చిన కొత్తలో 3డీ ఆడియోకి ఐదు ప్రొఫైళ్లు ఇచ్చింది అందుకే. ఒక్కోటీ విని, చప్పుడు చెవి ఎత్తులో ఉన్నట్టు అనిపించేది పెట్టుకోమంది. నాకు బాగా కుదిరిన ప్రొఫైల్‌లోనూ పక్కలు స్పష్టంగా తెలుస్తాయి, వెనక మాత్రం నెత్తి మీదికి ఎక్కి కూర్చుంటుంది. స్పీకరైతే ఆ గొడవే లేదు, వస్తువే అక్కడుంది.

ఇక నా కడుపుమంట. రిసీవర్ పాతది, 4కే 120 హెర్ట్జ్ వీడియో దాని గుండా వెళ్లదు. అందుకని పీఎస్5 నేరుగా టీవీకి, టీవీ నుంచి ఆర్క్ (హెచ్‌డీఎంఐ తీగ మీదే టీవీ చప్పుడును వెనక్కి పంపే దారి) మీద రిసీవర్‌కి. షాపులో ఎవరిని అడిగినా చెప్పే కనెక్షన్ ఇదే. టీవీ ఓ రాత్రి తనంతట తాను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకుంది. మర్నాటి నుంచి ఐదు స్పీకర్లూ మోగుతూనే ఉన్నాయి, సబ్‌వూఫర్ అదురుతూనే ఉంది, కానీ వీపు వెనక నడుస్తున్నవాడి అడుగులు మాత్రం టీవీ కింద నుంచి రావడం మొదలైంది.

జరిగింది ఇదీ. అప్‌డేట్‌తో టీవీలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ ‘పాస్ త్రూ’ (వచ్చింది వచ్చినట్టే పంపడం) నుంచి ‘పీసీఎం’కి (కుదించని ధ్వనికి) మారిపోయింది. మామూలు ఆర్క్‌లో పీసీఎం అంటే రెండే ఛానళ్లు. 5.1 వెళ్లాలంటే డాల్బీ డిజిటల్‌లాగా కుదించి పంపాల్సిందే. రెండు ఛానళ్లు అందుకున్న రిసీవర్ వెనక స్పీకర్లను మూగగా వదిలేసి ఉంటే విషయం వెంటనే బయటపడేది. అది ఊరుకోదు, అప్‌మిక్స్ చేసి ఆ రెంటినే ఐదింటికీ పంచుతుంది. వాన, గాలి, సంగీతం వెనక్కి వెళ్లాయి. వెనకవాడి అడుగులు స్టీరియోలో కుడి ఎడమల్లో సమానంగా ఉంటాయి కదా, అప్‌మిక్సర్ వాటిని మధ్యలోనివిగా లెక్కేసి తీసుకెళ్లి సెంటర్ స్పీకర్‌లో పడేసింది. అన్నీ మోగుతున్నాయి, దిక్కు మాత్రం తలకిందులు. ఇంతకంటే దొంగ రిపేరు ఇంకోటి ఉండదు.

పట్టుకోవడానికి రిసీవర్ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కి, లోపలికి ఏ సిగ్నల్ వస్తోందో చూడాలి. ‘డాల్బీ డిజిటల్ 3/2.1’ అని ఉంటే సరే, ‘పీసీఎం 2.0’ అని ఉంటే మోసం. ఆ సమాచారం చూపించని మోడల్ అయితే లిజనింగ్ మోడ్ ‘డైరెక్ట్’లో పెట్టండి, వెనక స్పీకర్లు ఆగిపోతే వచ్చేది స్టీరియోనే. తర్వాత టీవీలో అవుట్‌పుట్ పాస్ త్రూకి మార్చి, పీఎస్5లో సెట్టింగ్స్, సౌండ్, ఆడియో అవుట్‌పుట్‌లోకి వెళ్లి హెచ్‌డీఎంఐ పరికరం ఏవీ యాంప్లిఫయర్, ఛానళ్లు 5.1, ఫార్మాట్ డాల్బీ అని పెట్టాలి. గేమ్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి, ఎందుకంటే ఎన్ని ఛానళ్లున్నాయో చాలా గేమ్‌లు మొదలయ్యేటప్పుడే చూసుకుంటాయి. ఆఖరికి గేమ్‌లో ఏ జలపాతం పక్కనో నిలబడి కెమెరాను మెల్లగా చుట్టూ తిప్పితే చప్పుడు ఐదు స్పీకర్ల మీదుగా ఒక ప్రదక్షిణ చేయాలి.

అప్పటికీ డాల్బీతో ఒక ఇబ్బంది మిగిలే ఉంటుంది. డాల్బీ డిజిటల్ ఒక్కో ఫ్రేమ్‌లో 1536 శాంపిళ్లు (ధ్వని కొలతలు) మూటకడుతుంది, సెకనుకి 48 వేల కొలతల (48 కిలోహెర్ట్జ్) దగ్గర అది 32 మిల్లీసెకన్లు. అంటే 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 బొమ్మల) గేమ్‌లో దాదాపు రెండు బొమ్మల ఆలస్యం మూట కట్టడంలోనే పోతుంది, విప్పడానికి పట్టేది అదనం. కథ గేమ్‌లలో పట్టించుకోనక్కర్లేదు. ఫైటింగ్ గేమ్‌లో, తాళానికి బటన్ నొక్కే గేమ్‌లో చిరాకు పుడుతుంది. టీవీకీ రిసీవర్‌కీ రెంటికీ ఈ-ఆర్క్ (ఆర్క్‌కి మెరుగైన తరం) ఉంటే మల్టీఛానల్ పీసీఎం కుదించకుండానే పోతుంది, ఈ బాధ ఉండదు. లేదంటే కన్సోల్‌ని ముందు రిసీవర్‌కి కలిపి, అక్కణ్నుంచి టీవీకి పంపాలి. నేను 120 హెర్ట్జ్ వదులుకుని ఇదే చేశాను. టీవీ ఇక ఎన్ని అప్‌డేట్లు చేసుకున్నా నాకేం.

పీసీవాళ్లకు ఇంకో దారి ఉంది. మూడు 3.5 ఎంఎం పిన్నులతో వచ్చే మామూలు 5.1 సెట్టు నేరుగా మదర్‌బోర్డుకి తగులుతుంది, కుదింపు లేదు, దానివల్ల ఆలస్యమూ లేదు. వెనక మూడే జాక్‌లున్న బోర్డుల్లో నీలం జాక్ వెనక స్పీకర్లకు, గులాబీ రంగుది సెంటర్, సబ్‌వూఫర్‌లకు పోతుంది. గులాబీది మైక్ జాక్ కాబట్టి మైక్‌ను క్యాబినెట్ ముందు జాక్‌కో యూఎస్‌బీకో మార్చుకోవాలి. విండోస్ సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కాన్ఫిగర్ నొక్కి 5.1 ఎంచుకుని టెస్ట్ చేయడం మరవొద్దు.

పైన స్పీకర్లను మెచ్చుకున్నానే, అది సోఫా గోడకు ఆనించకుండా ఉన్న గది సంగతి. వెనక స్పీకర్లు ఉండాల్సింది చెవుల పక్కగా కొంచెం వెనక్కి, ఎదురు నుంచి కొలిస్తే 100 నుంచి 120 డిగ్రీల మధ్య. మన ఫ్లాట్లలో సోఫా గోడకే ఉంటుంది, స్పీకర్లు దాని మీద మేకుకి వేలాడతాయి. అప్పుడవి వినిపించేదీ నెత్తి మీది నుంచే, అంటే హెడ్‌ఫోన్స్‌లో నేను తిట్టిన తిట్టే వీటికీ వర్తిస్తుంది. సోఫాను రెండడుగులు ముందుకు లాగితే చాలా మారుతుంది, ఇంట్లో ఒప్పుకుంటేనే అనుకోండి. రిసీవర్‌లో స్పీకర్ల దూరాలు కూడా టేపు పెట్టి కొలిచి ఎక్కించాలి. ముందువి మూడు మీటర్లు, వెనకవి మీటరున్నర దూరంలో ఉంటే వెనక చప్పుడు నాలుగు మిల్లీసెకన్లకు పైగా ముందే చేరి మొత్తాన్ని వెనక్కి గుంజేస్తుంది.

మే నెల సంగతి వేరే. ఫ్యాన్ ఐదులో, పక్కన కూలర్, మెల్లగా నడిచేవాడి అడుగులు ఏ స్పీకర్‌లోనూ తేలవు. వాల్యూమ్ పెంచితే తుపాకీ మోతకి కింద ఫ్లాటువాళ్లు లేస్తారు. టీమ్‌తో మాట్లాడుతూ ఆడేవాళ్లకు అసలు పనికిరాదు, స్పీకర్ల మోతంతా మైక్‌లోకి పోయి అవతలివాళ్లు తిడతారు. పోటీ గేమ్‌లకు నేను హెడ్‌ఫోన్సే తీస్తాను. కౌంటర్-స్ట్రైక్‌లో 2016లో, వాలరెంట్‌లో 2021లో హెచ్‌ఆర్‌టీఎఫ్ గేమ్‌లోనే వచ్చింది. అది ఆన్ చేస్తే విండోస్ సోనిక్, డాల్బీ అట్మాస్, హెడ్‌సెట్ మీది 7.1 బటన్ లాంటి వేరే సరౌండ్ లెక్కలన్నీ ఆపేయాలి. ఒకసారి లెక్క కట్టిన చప్పుడుకి మళ్లీ లెక్క కడితే అడుగులు బావిలోంచి వచ్చినట్టుంటాయి. వెనక సందేహం వస్తే మౌస్ కొంచెం పక్కకి తిప్పితే తేలిపోతుంది, తల చేయాల్సిన పని అక్కడ మౌస్ చేస్తుంది. 2017లో వచ్చిన హెల్‌బ్లేడ్ లాంటివి వేరే జాతి. అందులో గొంతులు బైనారల్‌గా (రెండు చెవుల చోట రెండు మైకులు పెట్టి) రికార్డు చేసినవి, స్పీకర్లలో ఆ గుసగుసలు చచ్చిపోతాయి.

ఒంటరిగా, కథ గేమ్‌లు, సోఫా జరపగల హాలు, తలుపేసుకునే వీలు ఉన్నాయి కాబట్టి నాకు 5.1 గిట్టుబాటయింది. వీటిలో రెండు లేకపోయినా నేనైతే వైరున్న హెడ్‌ఫోన్స్ దగ్గరే ఆగిపోయేవాణ్ని. బ్లూటూత్‌వి మాత్రం వద్దు, మైక్ ఆన్ చేయగానే మామూలుగా చప్పుడు మోనోకి (ఒకే ఛానల్‌కి) పడిపోతుంది. 5.1 కొనేటట్టయితే షాపులో ముందుగా డబ్బా వెనక్కి తిప్పి చూడండి. హెచ్‌డీఎంఐ సాకెట్ ఒక్కటే ఉండి దాని మీద ‘ఆర్క్’ అని రాసి ఉంటే, కన్సోల్ నేరుగా తగిలించే దారి లేనట్టే, పైన చెప్పిన టీవీ తంటా మొత్తం మీదే.