ఆన్‌సైడ్ కిక్ కొట్టాలా, బంతిని దూరంగా తన్నాలా?

అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్‌లో టచ్‌డౌన్ చేశాక, అంటే బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి పాయింట్లు సాధించాక, ఆ జట్టే బంతిని ప్రత్యర్థి వైపు తన్నాలి. అప్పుడు కోచ్‌కు ఎదురయ్యే ప్రశ్న ఇది.

లాభం: ఆన్‌సైడ్ కిక్ అంటే బంతిని కావాలనే దగ్గరగా తన్నడం. అందులో బంతి 10 గజాలు దాటాక మనవాళ్లే పట్టుకుంటే మళ్లీ మన ఆటే. దూరం తన్నితే బంతి ఎదుటివాళ్లదే, కాకపోతే వాళ్లు చాలా దూరం రావాలి.

రిస్క్: మొదటిది తప్పితే ప్రత్యర్థికి మైదానం నడిమధ్యే బంతి దొరుకుతుంది. రెండోదాంట్లో ఒక్క వేగమైన కుర్రాడు తప్పించుకుంటే చాలు.

ఈ రెండూ ఒకే మ్యాచ్‌లో కనిపించాయి. 1994 టెక్సస్ ప్లేఆఫ్‌లో జాన్ టైలర్ హైస్కూల్ మీద 17-41తో వెనకబడిన ప్లేనో ఈస్ట్ హైస్కూల్, చివరి మూడు నిమిషాల్లో వరసగా మూడు ఆన్‌సైడ్ కిక్‌లు దక్కించుకుని 44-41 ఆధిక్యంలోకి వచ్చింది. ఆ తర్వాత బంతిని దూరం తన్నింది. జాన్ టైలర్ జట్టు ఆటగాడు దాన్ని 97 గజాలు మోసుకెళ్లి టచ్‌డౌన్ చేశాడు. 48-44. ఎన్నిసార్లు తలచుకున్నా గుండె బరువెక్కుతుంది, ఆ పిల్లలు అంత పోరాడారు మరి! నన్నడిగితే అక్కడ బంతిని నేలబారుగా తన్నాల్సింది.

శ్రమ: ఆన్‌సైడ్‌కు రోజూ సాధన కావాలి. అర్కాన్సాస్‌లోని పులాస్కీ అకాడమీ అనే స్కూల్ జట్టు దాన్నే అలవాటుగా మార్చుకుని, 2011లో క్యాబట్ జట్టు బంతి ముట్టుకోకముందే 29-0 చేసింది.

వెనకబడి, టైమ్ తక్కువుంటే ఆన్‌సైడ్ తప్పదు. డిఫెన్స్ బలహీనమైతే మొదట్నుంచీ వాడొచ్చు. డిఫెన్స్ గట్టిదై, ట్యాక్లింగ్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని పడగొట్టడం) బాగుంటే దూరమే మేలు.